వచ్చేవి వస్తున్నాయి, వెళ్లేవి వెళ్లట్లేదు

2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు జరిగాయి. ఆ వెంటనే కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. సుమారు రెండు వారాలు చాలాచోట్ల అదే పరిస్థితి. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి ఒడ్డుకి చేరి లాప్‌టాప్‌లు తెరుచుకు కూర్చున్న ఫొటోలు అప్పట్లో పేపర్లలో వచ్చాయి. ఆ రెండు వారాల మధ్యలోనే ఇంకో సంగతి జరిగింది. దాన్ని ఇక్కడ చాలామంది గమనించలేదు, గమనించే వీలూ అంతగా లేదు. మే 30 నుంచి గూగుల్ తన వ్యక్తిగత ఖాతాలకి ఒక పాత సౌకర్యం తీసేసింది. ఔట్‌లుక్, థండర్‌బర్డ్ లాంటి ప్రోగ్రాముల్లో జీమెయిల్ అడ్రసూ మామూలు పాస్‌వర్డూ కొడితే సరిపోయే రోజులు ఆ తేదీతో చెల్లిపోయాయి.

అంటే నెట్ తిరిగొచ్చేసరికి రెండు అడ్డంకుల్లో ఒకటే తొలగింది. అది తొలగిందని ఊరంతటికీ తెలుసు. రెండోది ఉందనే చాలామందికి తెలియదు. నెట్ వచ్చినా మెయిల్ కదలకపోతే, "ఇంకా నెట్ సరిగ్గా రాలేదు" అనుకోవడమే అప్పటికి సహజం.

మెయిల్ ఫోనులోనే చూసుకునే రోజుల్లో కంప్యూటరులో దానికోసం వేరే ప్రోగ్రాము ఎవరు పెట్టుకుంటారని పట్నంవాళ్లు అడగొచ్చు. పెట్టుకునేవాళ్లు ఉన్నారు. వెనామీ రొయ్యల ఇన్వాయిసులూ ప్యాకింగ్ లిస్టులూ పంపే ఆఫీసులు, కొబ్బరి పీచు వ్యాపారులు, జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టే కన్సల్టెంట్లు, పెళ్లికార్డుల దగ్గర్నుంచి కరపత్రాల దాకా కొట్టే డీటీపీ సెంటర్లు. వీళ్లకి అయిదేళ్ల కిందటి ఉత్తరం ఇవాళ కావాల్సొస్తుంది. నెట్ ఉన్నా లేకపోయినా కావాల్సొస్తుంది. డెస్క్‌టాప్ ప్రోగ్రాము ఉత్తరాల నకళ్లని ఆ కంప్యూటరులోనే దాచిపెడుతుంది కాబట్టి టవరు పడిపోయిన రోజున కూడా, జనరేటరుంటే చాలు, పాత లెక్క తీసి చూడొచ్చు. బంగాళాఖాతం ఒడ్డున ఉన్న మండలంలో ఇదేమీ చిన్న సదుపాయం కాదు.

ఇలాంటి ఆఫీసు నుంచి హైదరాబాదులో ఉన్న మేనల్లుడికి వెళ్లే ఫోను ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

"ఒరే అబ్బాయ్, వచ్చేవి వస్తన్నాయిరా. వెళ్లేవే వెళ్లట్లేదు. పాస్‌వర్డ్ కొట్టీ కొట్టీ విసుగొచ్చేసింది."

"ఇంక కొట్టకు మావయ్యా. ఎర్రర్ అని పెట్టె వచ్చింది కదా, దాన్లో నంబరేముంది?"

"నంబరేంట్రా? ఏదో ఇంగ్లీషులో ఉంది. మూసేశాను."

"అదే చదవాలి మావయ్యా. మళ్లీ రానీ, ఈసారి మూసెయ్యకుండా చదువు."

ఆ మేనల్లుడు చెప్పింది అక్షరాలా సరైన సలహా. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టడం వల్ల బాగుపడే సందర్భాలు తక్కువ, చెడిపోయే సందర్భాలు ఎక్కువ. సర్వరు మాత్రం చాలాసార్లు జవాబు చెబుతూనే ఉంటుంది, మూడంకెల నంబరు రూపంలో. చదవకుండా మూసేస్తున్నది మనమే.

ముందు అసలు చిక్కు సంగతి. మెయిల్ రావడానికీ వెళ్లడానికీ ఉన్న సంబంధం మనం అనుకునేదానికంటే చాలా పల్చన. రొయ్యల చెరువుకి నీరు పెట్టే తూము వేరు, నీరు తీసే తూము వేరు. ఒకటి పారుతోందంటే రెండోది తెరిచి ఉన్నట్టు కాదు. మెయిల్ తెచ్చిపెట్టేది ఐమాప్ లేక పాప్ అనే పద్ధతి. పంపేది ఎస్‌ఎంటీపీ అనే ఇంకో పద్ధతి. రెండింటికీ సర్వరు పేర్లు వేరు, పోర్టు నంబర్లు వేరు, సెట్టింగ్స్ పేజీలు కూడా వేరు. థండర్‌బర్డ్‌లో సేవ్ అయిన పాస్‌వర్డుల జాబితా తెరిచి చూస్తే ఒకే అడ్రసు కింద ఐమాప్‌కి ఒక వరస, ఎస్‌ఎంటీపీకి ఒక వరస విడివిడిగా కనిపిస్తాయి. పాస్‌వర్డ్ మార్చిన రోజున ప్రోగ్రాము ముందుగా అడిగేది సాధారణంగా ఇన్‌కమింగ్ పాస్‌వర్డే, ఎందుకంటే తెరవగానే అది కొత్త ఉత్తరాల కోసం వెళుతుంది. అక్కడ కొత్తది ఇస్తాం, ఇన్‌బాక్స్ నిండుతుంది, పని అయిపోయిందనుకుంటాం. రెండో వరసలో పాతది అలాగే కూర్చుని ఉంటుంది. 2022 మేలో గూగుల్ మార్పు రెండు వైపులనూ ఆపింది. కానీ ఒక వైపు మాత్రమే సరిచేసుకున్నవాళ్లకి సగమే బాగుపడింది. వచ్చేవి వచ్చాయి, వెళ్లేవి ఆగాయి.

ఒకే ఉత్తరాల పెట్టెకి ఇలా రెండు వేర్వేరు ఏర్పాట్లు ఎవరు పెట్టమన్నారు అంటే, ఎవరూ పెట్టమనలేదు. చరిత్ర అలా నడిచింది.

1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ఎస్‌ఎంటీపీ నియమాలను ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రంగా రాశాడు. ఈనాటి మెయిల్ అంతా దాని సంతానమే. అందులో పంపేవాడు ఎవడు అని అడిగే ఏర్పాటు లేదు. ఫలానా అడ్రసు నుంచి అని చెబితే సర్వరు నమ్మి తీసుకోవాల్సిందే. పాస్‌వర్డన్న ప్రస్తావనే లేదు. తొలి స్పామ్ అని చెప్పుకునే ఉత్తరం అప్పటికే వచ్చేసింది. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్ ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే ఊపులో కంప్యూటర్ల ప్రకటన పంపాడు. ఆ రభస జరిగిన నాలుగేళ్లకి రాసిన నియమాల్లో కూడా నువ్వెవరివని అడిగే మాట చేరలేదు.

దీన్ని తెలివితక్కువతనం అనను. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నది యూనివర్సిటీలు, పరిశోధనశాలలు, సైనిక సంస్థలు. వైర్లు ఎప్పుడూ కలిసి ఉండేవి కావు. ఎవరో పంపిన ఉత్తరం ఇంకెవరికో చేరాలంటే మధ్యలో ఉన్న సర్వరు దాన్ని అందుకుని, దారి తెరుచుకున్నాక ముందుకి పంపాలి. తెలియనివాళ్ల ఉత్తరాన్ని మోసిపెట్టడం అప్పట్లో మర్యాద. 1990ల నడుమకి వచ్చేసరికి ఆ మర్యాదే స్పామర్లకి వరమైంది. ఎవరి సర్వరు దొరికితే దాని నెత్తిన లక్షల ప్రకటనలు పెట్టి వెళ్లిపోయేవాళ్లు. చివరికి అప్పట్లో ఎక్కువమంది వాడే సెండ్‌మెయిల్ అనే సర్వరు ప్రోగ్రాము 1998లో వచ్చిన 8.9 వెర్షన్‌తో, బయటివాళ్ల ఉత్తరాలు మోయకపోవడాన్నే తన సహజ గుణంగా చేసుకుంది.

సరే, బయటివాళ్లని మోయొద్దు. మరి లోపలివాడు ఎవడు? మొదట దొరికిన జవాబు, "మన లైను మీద ఉన్నవాడు" అని. మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకి ఇంటర్నెట్ ఇచ్చింది. ఆ డయలప్ కాలపు లెక్క ఇది: మోడెమ్ కీచుమంటూ కలిసేటప్పుడే ఖాతాదారు పేరూ పాస్‌వర్డూ కంపెనీ తీసుకుంటుంది. కాబట్టి ఉత్తరం పంపేటప్పుడు మళ్లీ అడగక్కర్లేదు, వచ్చిన ఐపీ అడ్రసు తనదైతే చాలు. కంపెనీ మార్చినా, లాప్‌టాప్ పట్టుకుని వేరే ఊరెళ్లినా ఈ పద్ధతి పనికిరాదు. మరి కొందరు ఇంకో ఉపాయం పట్టారు. ముందు పాప్ ద్వారా ఉత్తరాలు దించుకో, అప్పుడు నువ్వెవరో తెలుస్తుంది, ఆ తర్వాత కొన్ని నిమిషాల పాటు పంపనిస్తాం అని. నవ్వొచ్చే ఏర్పాటే గానీ కొన్నేళ్లు నడిచింది.

పంపేవాణ్ని నేరుగా అడిగే పద్ధతి, ఎస్‌ఎంటీపీ ఆథెంటికేషన్, 1999 మార్చిలో జాన్ మయర్స్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2554తో వచ్చింది. మొదటి నియమాలకి దాదాపు పదిహేడేళ్ల తర్వాత. దానికి మూణ్ణెల్ల ముందే, మనుషులు తమ కంప్యూటరు నుంచి ఉత్తరం అప్పజెప్పడానికి 587 అనే పోర్టును విడిగా కేటాయించారు. సర్వరూ సర్వరూ మాట్లాడుకునే పాత 25వ పోర్టు అలాగే ఉంది. అందుకే ఔట్‌లుక్ పాత సెట్టింగ్స్‌లో, ఎక్కడో లోపలి ట్యాబ్‌లో, "నా అవుట్‌గోయింగ్ సర్వర్‌కి ఆథెంటికేషన్ కావాలి" అని ఇంగ్లీషులో ఒక గడి ఉంటుంది. ఈ రోజుల్లో అది కావాలా అని అడగడమే వింత. ఆ గడికి టిక్ పెట్టకపోవడం వల్ల ఆగిపోయిన ఉత్తరాలు ఎన్నో.

ఇప్పుడు సెండ్ నొక్కాక ఏం జరుగుతుందో చూద్దాం. 587 మీద మన ప్రోగ్రాము సర్వరును పలకరిస్తుంది. సర్వరు 220 అంటూ బదులిస్తుంది. మన ప్రోగ్రాము "ఎహ్లో" అని తన పేరు చెబుతుంది. ఇది హలోకి కాస్త పొడిగింపు, నీకు ఏమేం వచ్చో చెప్పు అని అర్థం. సర్వరు తనకి వచ్చినవన్నీ వరసగా చదువుతుంది. అందులో స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఉంటే, అంటే ఇక్కణ్నుంచి సంభాషణ గుప్తంగా సాగిద్దామా అని ఉంటే, రెండూ కలిసి ఎన్‌క్రిప్షన్ మొదలుపెడతాయి. ఆ తర్వాత మన ప్రోగ్రాము మళ్లీ ఎహ్లో చెబుతుంది. ఈసారి సర్వరు జాబితాలో ఏయే లాగిన్ పద్ధతులు ఒప్పుకుంటుందో కూడా ఉంటుంది. మన ప్రోగ్రాము వాటిలో ఒకటి ఎంచుకుని పేరూ పాస్‌వర్డూ పంపుతుంది. సర్వరు 235 అంటే రమ్మని. 535 అంటే కుదరదని. ఇదంతా ఒకటి రెండు సెకన్ల పని.

ఈ నంబర్లకి ఒక క్రమం ఉంది. 2తో మొదలైతే పని జరిగింది. 3తో మొదలైతే ఇంకా చెప్పు అని. 4తో మొదలైతే తాత్కాలికమైన ఇబ్బంది, కాసేపాగి రమ్మని. 5తో మొదలైతే ఎంతసేపు ఆగినా ఇదే జవాబు, నీ వైపు ఏదో మార్చుకుంటే తప్ప. ఈ ఒక్క తేడా తెలిసినా సగం ఆందోళన తగ్గుతుంది. 454 వస్తే టీ తాగి రావచ్చు. 535 వస్తే టీ తాగినా లాభం లేదు.

535 దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అందరూ తప్పుగా అర్థం చేసుకునేది దాన్నే. దాని అర్థం పాస్‌వర్డ్ తప్పు అని కాదు. "నువ్విచ్చిన వివరాలతో నిన్ను ఒప్పుకోను" అని మాత్రమే. పేరు తప్పా, పాస్‌వర్డ్ తప్పా, పద్ధతి తప్పా అన్నది సర్వరు కావాలనే చెప్పదు. చెబితే ఊహించి లోపలికి దూరాలనుకునేవాడికి సాయం చేసినట్టవుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. జాగ్రత్తగా నడిపే సర్వరు దగ్గర మన పాస్‌వర్డ్ అసలు ఉండదు. దాన్ని ఒక గణిత ప్రక్రియలో వేసి తీసిన ముద్ర, హ్యాష్, మాత్రమే ఉంటుంది. మనం కొట్టినదాన్ని కూడా అదే ప్రక్రియలో వేసి రెండు ముద్రలూ ఒకటేనా అని చూస్తుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. చివరి అక్షరం ఒక్కటే పోయింది, దగ్గరికి వచ్చావు అని చెప్పే శక్తి దానికి లేదు.

కాబట్టి 535 రాగానే చేయాల్సింది, అదే పేరూ పాస్‌వర్డుతో బ్రౌజరులో ఆ మెయిల్ సైటులోకి వెళ్లి చూడటం. అక్కడ కూడా రాకపోతే పాస్‌వర్డ్ నిజంగానే తప్పు. అక్కడ లోపలికి వెళ్లగలిగితే పాస్‌వర్డ్ నిర్దోషి. అప్పుడు తప్పు మిగతావాటిలో వెతకాలి. వాడుక పేరుగా పూర్తి అడ్రసు ఇవ్వాల్సిన చోట ముందు భాగమే ఇచ్చామా? సర్వరు పేరు సరైనదేనా? జోహో మెయిల్ వాడేవాళ్లకి ఇది బాగా ఎదురవుతుంది. భారత డేటా సెంటరులో ఉన్న ఖాతాలకి సర్వరు పేరు చివర డాట్ ఇన్ ఉండాలి. ఎక్కడో చూసి డాట్ కామ్ రాసుకుంటే ఆ సర్వరు దృష్టిలో మనం అసలు లేనే లేము, పాస్‌వర్డ్ ఎంత కరెక్టయినా 535 అంటుంది. ఆఫీసు ఖాతా మైక్రోసాఫ్ట్ దగ్గర ఉంటే నంబరు తోక చూడాలి. 5.7.139 అని ఉంటే చాలాసార్లు ఆ సంస్థ అడ్మినే ఎస్‌ఎంటీపీ లాగిన్ ఆపేసి ఉంచాడని. దానికి మన కంప్యూటరులో మందు లేదు. జీమెయిల్ అయితే 534, పక్కన 5.7.9 వస్తే యాప్ పాస్‌వర్డ్ కావాలని తేల్చి చెప్పినట్టే.

డీటీపీ సెంటర్లకి ముఖ్యంగా వచ్చే తంటా ఒకటుంది. ఇంగ్లీషు హెల్ప్ పేజీల్లో ఇది దొరకడం అరుదు. అను స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ ప్రోగ్రాము ఆన్‌లో ఉన్నంతసేపు కీబోర్డు మీద కొట్టిన అక్షరం కంప్యూటరుకి ఆ అక్షరంగా చేరదు. తెలుగు ఫాంటులో ఏ ముక్క కనపడాలో దాని సంకేతంగా మారి చేరుతుంది. పేజ్‌మేకర్‌లో పెళ్లికార్డు కడుతూ మధ్యలో మెయిల్ వైపు వచ్చి పాస్‌వర్డ్ కొట్టామనుకోండి, గడిలో కనిపించేవి చుక్కలే. చుక్కల వెనక ఏమున్నదో కంటికి తెలియదు. సర్వరుకి వెళ్లే సంకేతాలు వేరు, ముద్ర వేరు, జవాబు 535. యూనికోడ్ తెలుగు కీబోర్డుతో కూడా ఇదే జరగొచ్చు. అనుమానం ఉంటే నోట్‌ప్యాడ్‌లో ఒక ఇంగ్లీషు మాట కొట్టి చూస్తే తెలిసిపోతుంది.

మంచి జరగాలని చేసిన పని కూడా ఒక్కోసారి దెబ్బ కొడుతుంది. థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో లాగిన్ పద్ధతి దగ్గర "నార్మల్ పాస్‌వర్డ్", "ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్" అని రెండు కనిపిస్తాయి. ఎవరైనా రెండోదే క్షేమం అనుకుంటారు. నిజానికి రెండోది 1997 నాటి క్రామ్-ఎండీ5 అనే పద్ధతి. సర్వరు ప్రతిసారీ కొత్త ప్రశ్న ఒకటి పంపుతుంది. మన ప్రోగ్రాము ఆ ప్రశ్ననీ పాస్‌వర్డునీ కలిపి లెక్కగట్టి ఫలితం మాత్రమే పంపుతుంది. పాస్‌వర్డ్ దారిలో కనపడదు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఆ లెక్క సరిచూడాలంటే సర్వరు దగ్గర పాస్‌వర్డో, దానికి సమానమైనదో ఉండి తీరాలి. ఇందాక చెప్పినట్టు మంచి సర్వరు పాస్‌వర్డ్ దాచుకోదు, ముద్రే దాచుకుంటుంది. అందుకే ఈ కాలపు సర్వర్లు చాలావరకు ఈ పద్ధతిని ఒప్పుకోవు. దారి మొత్తం టీఎల్‌ఎస్‌తో గుప్తంగా ఉన్నప్పుడు "నార్మల్ పాస్‌వర్డే" సరైన ఎంపిక. పేర్లు పెట్టినవాళ్లు కాస్త ఆలోచించి పెట్టి ఉండాల్సింది.

పోర్టుల దగ్గర గుర్తుంచుకోవాల్సింది కొంచెమే. 465 పెడితే ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్, 587 పెడితే స్టార్ట్‌టీఎల్‌ఎస్. జోడీ తారుమారైతే కనెక్షనే కుదరదు, ఒక్కోసారి ప్రోగ్రాము ఎదురుచూసి ఎదురుచూసి టైమౌట్ అంటుంది. ఎన్‌క్రిప్షన్ లేకుండా లాగిన్ అవబోతే చాలా సర్వర్లు 530 అని, ముందు స్టార్ట్‌టీఎల్‌ఎస్ అడగమని పంపేస్తాయి. ఈ 465 కథ కూడా తమాషాదే. 1990లలో వచ్చి, రద్దయి, రద్దయ్యాక కూడా అందరూ వాడుతూనే ఉంటే 2018 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 8314తో మళ్లీ అధికారికమైంది. 25వ పోర్టును ఇళ్ల కనెక్షన్ల మీద చాలా కంపెనీలు మూసే ఉంచుతాయి, దాని జోలికి పోవద్దు.

కరెంటు తరచూ పోయే ఊళ్లలో ఇంకొకటి చూడాలి. పాత కంప్యూటరు మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. టీఎల్‌ఎస్ సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు రాసి ఉంటుంది. మన కంప్యూటరు తేదీ ఆ గడువుకి ముందుంటే సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదని అర్థం చేసుకుని కనెక్షన్ తెంచేస్తుంది. చూడ్డానికి లాగిన్ ఎర్రర్‌లాగే ఉంటుంది గానీ అసలు పాస్‌వర్డ్ అడిగే దాకా వ్యవహారం వెళ్లలేదు. స్క్రీను మూల తేదీ ఒక్కసారి చూస్తే చాలు.

పాస్‌వర్డ్ పదేపదే కొడితే ఏమవుతుందో చెప్పాలి. చాలా సర్వర్లు కొన్ని తప్పులు లెక్కపెట్టి ఖాతాని కాసేపు బిగిస్తాయి. మన ప్రోగ్రాము ఊరుకోదు, ప్రతి పది నిమిషాలకీ తన దగ్గరున్న పాత పాస్‌వర్డుతో కొత్త ఉత్తరాల కోసం వెళుతూనే ఉంటుంది. బిగింపు గడువు మళ్లీ మళ్లీ పెరుగుతుంది. చిన్న హోస్టింగ్ సర్వర్లలో అయితే ఖాతాని కాక వచ్చిన ఐపీ అడ్రసునే ఆపేస్తారు. అప్పుడు 535 పోయి టైమౌట్ వస్తుంది, రోగం మారిందనుకుంటాం. ఫోన్ హాట్‌స్పాట్ కలిపి చూడండి. అక్కడ వెళ్లి, ఇక్కడ వెళ్లకపోతే ఆఫీసు ఐపీకి అడ్డం పడ్డారని అర్థం. మొబైల్ నెట్‌వర్కులో ఒకే ఐపీ అడ్రసును చాలామంది చందాదారులు పంచుకుంటారు కాబట్టి ఒక్కోసారి ఎవరో చేసిన తప్పులకి మనం కూడా ఆగుతాం. ఆఫీసులో రెండు మూడు కంప్యూటర్లలో ఒకే ఖాతా ఉంటే, ఒక మూలన పాత పాస్‌వర్డుతో మర్చిపోయిన కంప్యూటరు ఒకటి ఉంటుంది. ముందు దాన్ని ఆపాలి.

గూగుల్ 2022లో చేసింది ఏమిటో ఇప్పుడు చూస్తే అర్థమవుతుంది. పాస్‌వర్డ్ ఒక్కటీ ఇస్తే చాలు అనే ప్రోగ్రామును మూడో చేతికి అసలు తాళంచెవి ఇచ్చినట్టు చూసి, అది మానమంది. యాహూ ఈ పని 2020 అక్టోబరులోనే చేసింది. మైక్రోసాఫ్ట్ తన వ్యక్తిగత హాట్‌మెయిల్, ఔట్‌లుక్ డాట్ కామ్ ఖాతాలకి 2024 సెప్టెంబర్ 16న చేసింది. గూగుల్ ఖాతాకి మిగిలిన దారులు రెండు.

ఒకటి ఓఆథ్ 2.0. 2012 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 6749గా వచ్చిన పద్ధతి. థండర్‌బర్డ్ లాగిన్ పేజీని తెరిచి పెడుతుంది, మనం పాస్‌వర్డూ ఓటీపీ గూగుల్‌కే చెప్పుకుంటాం. గూగుల్ ఒక టోకెన్ ఇస్తుంది. మెయిల్ పంపేటప్పుడు ప్రోగ్రాము చూపించేది ఆ టోకెన్. అది సుమారు గంటలో చెల్లిపోతుంది, దాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి ఇంకో ఎక్కువకాలపు టోకెన్ ఉంటుంది. టోకెన్ దొంగ చేతిలో పడ్డా పాస్‌వర్డ్ బయటపడదు, గూగుల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ ఒక్క ప్రోగ్రామునే తీసేయొచ్చు. థండర్‌బర్డ్‌లో కుకీలు ఆపేసి ఉంటే లాగిన్ పేజీ తెల్లకాగితంలా నిలబడిపోతుంది. అదొక్కటి చూసుకోవాలి. ఇన్‌కమింగ్‌కి ఓఆథ్ పెట్టి అవుట్‌గోయింగ్‌కి పాత నార్మల్ పాస్‌వర్డే వదిలేయడం ఇక్కడ కూడా జరిగే పొరపాటే.

రెండోది యాప్ పాస్‌వర్డ్. ఓఆథ్ రాని పాత ఔట్‌లుక్‌కి, స్కాన్ చేసి మెయిల్ పంపే జిరాక్స్ మిషన్‌కి ఇదే గతి. ఖాతాలో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే గూగుల్ పదహారు అక్షరాలు ఇస్తుంది, నాలుగేసి చొప్పున విడదీసి చూపిస్తుంది. మామూలు పాస్‌వర్డ్ బదులు అది కొట్టాలి. అసలు ఖాతా పాస్‌వర్డ్ మారిస్తే గూగుల్ ఈ యాప్ పాస్‌వర్డులన్నీ రద్దు చేస్తుంది. నాకు ఇది రాజీ ఏర్పాటుగానే కనిపిస్తుంది. ఆ పదహారు అక్షరాలు తెలిసినవాడికి ఓటీపీ అడ్డం ఉండదు. పైగా థండర్‌బర్డ్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే, ఆ కంప్యూటరు ముందు కూర్చున్న ఎవరైనా సేవ్ చేసిన పాస్‌వర్డులు తెరిచి చదువుకోవచ్చు. పది మంది వచ్చిపోయే షాపులో అది గుర్తుండాలి.

ఇక ఒక గందరగోళం తీర్చాలి. సొంత డొమైన్ పేరుతో మెయిల్ వాడే ఎగుమతి ఆఫీసులకి ఒక్కోసారి సెండ్ నొక్కగానే ఏ ఎర్రరూ రాదు. కాసేపటికి మెయిలర్ డీమన్ పేరుతో తిరుగుటపా వస్తుంది, లోపల 550, 5.7.26, ఆథెంటికేట్ కాలేదు అని. ఇది చూసి మళ్లీ పాస్‌వర్డ్ మారుస్తారు. దీనికీ పాస్‌వర్డుకీ సంబంధం లేదు. 535 అనేది మన సర్వరు మనల్ని నమ్మకపోవడం. ఈ 550 అనేది అవతలి సర్వరు మన సర్వరును నమ్మకపోవడం. ఫలానా డొమైన్ తరఫున ఉత్తరాలు పంపే హక్కు ఏ సర్వర్లకి ఉందో డొమైన్ యజమాని డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ల బహిరంగ చిరునామా పట్టికలో, ప్రకటించాలి. దాన్ని ఎస్‌పీఎఫ్ అంటారు. ఉత్తరం మీద సర్వరు వేసే డిజిటల్ సంతకం డీకిమ్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ రెండిట్లో కనీసం ఒకటైనా ఉండాలని పట్టుబడుతున్నాయి. దీన్ని సరిచేయాల్సింది సాధారణంగా డొమైన్ కొన్న చోట. మెయిల్ ప్రోగ్రాములో ఎంత వెతికినా దొరకదు. 553 వచ్చిందంటే మాత్రం మళ్లీ మన దగ్గరికే రావాలి. లాగిన్ అయిన ఖాతా ఒకటి, ఫ్రమ్ గడిలో అడ్రసు ఇంకొకటి అని సాధారణంగా దాని ఫిర్యాదు. రెండు మూడు ఖాతాలున్న ప్రోగ్రాములో ఒక ఖాతాకి ఇంకో ఖాతా అవుట్‌గోయింగ్ సర్వరు తగిలించి ఉండటం వల్ల తరచూ ఇలా జరుగుతుంది.

అన్నీ సరిచేశాక ఔట్‌బాక్స్ చూడటం మరవొద్దు. ఔట్‌లుక్‌లో ఆగిపోయిన ఉత్తరం వరస వాలు అక్షరాల్లో ఉంటుంది. వెళ్లిందా లేదా అని దాన్ని తెరిచి చూసి మూసేస్తే ఆ వాలు పోతుంది, అంటే పంపాల్సిన వరసలోంచి అది తప్పుకుంది. మళ్లీ తెరిచి సెండ్ నొక్కితే తప్ప ఇక కదలదు. థండర్‌బర్డ్‌లో అయితే ఫైల్ మెనూలో, పంపకుండా మిగిలినవి పంపు అనే ఆజ్ఞ ఉంటుంది. పాత ఇన్వాయిసులు రెండోసారి వెళ్లకుండా, ఆ ఆజ్ఞ నొక్కే ముందు ఔట్‌బాక్స్‌లో ఏమేం ఉన్నాయో ఒకసారి చదువుకోవాలి. వెళ్లట్లేదని విసుగొచ్చిన రోజుల్లో ఒకే ఇన్వాయిసుకి నాలుగైదుసార్లు సెండ్ నొక్కి ఉంటారు.